ప్రైమరీలో మొదటి ఓటు వేసొచ్చా, ఎందుకేశానో నాకే అర్థం కాలా

ఎడిసన్_బాబాయ్
నిన్న రాత్రి పదిన్నరకి ఇండియాలో కౌంటింగ్ మొదలైతే తెల్లారేదాకా టీవీ ముందే కూర్చున్నా, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, అలాగే స్నానం చేసి ఇక్కడ న్యూజెర్సీలో ప్రైమరీకి, అదే, నవంబర్ ఎన్నికకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికకి, ఓటేయడానికి వెళ్ళా. పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది, అమెరికాలో ఇదే నా మొదటి ఓటు. మా ఆవిడ బొట్టు పెట్టి పంపించిందంటే నమ్మండి. తీరా వెళ్తే స్కూల్ జిమ్ములో నలుగురు ముసలివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, ఓటరుని నేనొక్కణ్ణే. ఏ పార్టీ బ్యాలెట్ కావాలి అని అడిగింది పెద్దావిడ. రెండూ చూసి చెప్తానన్నా. అలా కుదరదు నాయనా, ఏదో ఒకటి చెప్పు అంది.
ఇప్పుడు నా బాధేంటంటే, బైడెన్‌కి కావాల్సిన 1,968 డెలిగేట్లూ (పార్టీ మహాసభలో, అంటే కన్వెన్షన్‌లో, టిక్కెట్టు ఎవరికో ఓటేసే ప్రతినిధులు) ట్రంప్‌కి కావాల్సిన 1,215 మందీ 2024 మార్చ్ 12నే వచ్చేశారు. ట్రంప్ మీద పోటీచేసిన వాళ్ళలో నాకు కాస్త నచ్చిన హేలీ మార్చ్ 6నే తప్పుకుంది. అదే పోటీలో ఉన్న మన రామస్వామి అయితే జనవరిలో అయోవా రాష్ట్రంలో ఓట్లు పడ్డ రాత్రే జెండా పీకేశాడు. జూన్ 4న మమ్మల్ని పిలిచి ఓటెయ్యమంటే, పెళ్ళయి అప్పగింతలు కూడా అయ్యాక భోజనానికి రమ్మన్నట్టు లేదూ? దీనికి ఇంత ఖర్చెందుకు?

నిద్రలేని_నాగు
బాబాయ్ నువ్వు రాత్రంతా చూసింది ఎవరి కోసమో ముందు అది చెప్పు 😄

పులిహోర2.0
ఒకే రోజు రెండు దేశాల్లో డెమోక్రసీ, బాబాయ్‌కి గిన్నిస్ ఇవ్వాలి

మోడరేటర్
ఏపీ ఫలితాలకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే నలుగురిని బ్యాన్ చేశా. ఇక్కడ అమెరికా గొడవ మాత్రమే.

లెక్కల_మాస్టారు
బాబాయ్ గారూ, మీ ఒక్కరికే కాదు, ఈ రోజు మోంటానా, న్యూమెక్సికో, సౌత్ డకోటా వాళ్ళకీ ఇదే పరిస్థితి. ఇది దేశమంతా ఒకే రోజు జరిగే ఎన్నిక కాదు కదా, జనవరి నుంచి జూన్ దాకా రాష్ట్రం తర్వాత రాష్ట్రం. ముందు జరిగే చిన్న రాష్ట్రాల్లో గెలిచినవాడికి పేపర్లో పేరు, దాంతో చందాలు. మిగతావాళ్ళకి చందాలు ఆగిపోతాయి, సిబ్బందికి జీతాలుండవు, ఇంటికెళ్ళిపోతారు. ఓట్లు లేక తప్పుకునేవాళ్ళ కన్నా డబ్బులు అయిపోయి తప్పుకునేవాళ్ళే ఎక్కువ. అందుకే ప్రతి రాష్ట్రం ముందుకి జరగాలని చూస్తుంది. మీ న్యూజెర్సీయే 2008లో ఫిబ్రవరి 5న పెట్టింది, తర్వాత మళ్ళీ జూన్‌కి పోయింది. న్యూహాంప్‌షైర్ వాళ్ళయితే ఏకంగా చట్టమే చేసుకున్నారు, మా ప్రైమరీయే దేశంలో మొదటిది కావాలని. ఈసారి డెమోక్రాట్ పార్టీ సౌత్ కరోలినా ముందు అంది, న్యూహాంప్‌షైర్ కుదరదంది, బైడెన్ అక్కడ పేరే ఇవ్వలేదు, అయినా జనం బ్యాలెట్ మీద ఆయన పేరు చేత్తో రాసి మరీ గెలిపించారు.

ఓరుగల్లు_పోరడు
గిదంత ఎందుకన్న, మన దగ్గర లెక్క సీల్డ్ కవర్ల పేరు పంపిస్తే ఒక్క పూటల అయిపోతది. బీ ఫారం ఎవల చేతుల ఉంటె ఆయనే క్యాండిడేట్. ఆరు నెలల లొల్లి లేదు

గోదారోడు
పోరడు తమ్ముడు నవ్వులాటకి అన్నాడు గానీ ఆ బీ ఫారం ఎంత పని చేస్తుందో మా ఇంట్లో చూశామండి. మా మేనమామ పదిహేనేళ్ళు ఒక పార్టీ జెండా మోశాడు (పేరెందుకు లెండి). ఊళ్ళో చావుకీ పెళ్ళికీ ముందుండేవాడు, ఎకరంన్నర అమ్మాడు కూడాను. టిక్కెట్టు నీదేనన్నారు, సర్వేలో నీ పేరే వచ్చిందన్నారు. నామినేషన్ల ఆఖరి రోజుకి రెండ్రోజుల ముందు హైదరాబాద్ నుంచి ఎవరో కాంట్రాక్టరు దిగాడు, బీ ఫారం ఆయన జేబులో ఉంది. మావాళ్ళు పార్టీ ఆఫీసులో ఫ్లెక్సీలు చింపారు, ఒకడు పెట్రోలు డబ్బా పట్టుకుని ట్యాంకెక్కాడు, మామయ్య రెబల్‌గా నామినేషన్ వేశాడు, పెద్దాయన ఫోన్ చేసి ఎమ్మెల్సీ ఇస్తామనేసరికి విత్‌డ్రా. ఆ ఎమ్మెల్సీ ఇప్పటికీ రాలేదండి. అందుకని బాబాయ్ గారూ, ఖాళీ జిమ్ములో అయినా సరే, మీ చేతికో కాగితం ఇచ్చి మీ పార్టీ క్యాండిడేట్ ఎవరో మీరు చెప్పండి అన్నారు చూశారా, మా మామయ్యకి ఆ చాన్సే రాలేదు.

నిద్రలేని_నాగు
ట్యాంకెక్కినాయన దిగాడా

గోదారోడు
టిఫినుకి దిగాడండి

డల్లాస్_డుంబు
మా టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషనే లేదు. మార్చ్ 5న వెళ్ళి ఏ బ్యాలెట్ కావాలంటే అది అడగొచ్చు. మా సందులో ఒకాయన పక్కా డెమోక్రాట్, ప్రతిసారి రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుంటాడు, ఎందుకంటే మా కౌంటీలో జడ్జి దగ్గర్నుంచి కమిషనర్ దాకా అసలు పోటీ అక్కడే. నవంబర్ నామకహ. అందుకని ప్రెసిడెంట్ ఒక్కటే చూసి ప్రైమరీ వేస్ట్ అనకండి, కింద ఉన్న పేర్లు చూడండి.

ఎడిసన్_బాబాయ్
కింద పేర్లు చూశా డుంబూ, ఒక్కరూ తెలీదు. పేరు బాగుందని ఒకాయనకి వేశా

పర్త్_అంబోయ్_పాప
అయ్యో బాబాయ్, ఈసారి మన న్యూజెర్సీలో అసలు కథ ఆ కింద పేర్లదే! ఇన్నేళ్ళూ మన కౌంటీ పార్టీ వాళ్ళు ఎవరిని బలపరిస్తే వాళ్ళ పేర్లన్నీ బ్యాలెట్‌లో ఒకే వరసలో నీట్‌గా పెట్టేవాళ్ళు, కౌంటీ లైన్ అంటారు. మిగతావాళ్ళ పేర్లు ఎక్కడో మూలకి. జనం ఆ వరసంతా గుడ్డిగా గుద్దేసి వచ్చేవాళ్ళు. సెనేట్‌కి పోటీ చేస్తున్న ఆండీ కిమ్ కోర్టుకెళ్ళాడు, మార్చ్ చివర్లో ఫెడరల్ జడ్జి ఈసారి డెమోక్రాట్ ప్రైమరీలో అలా కుదరదన్నాడు. అదే ప్రైమరీలో ఆయన మీద పోటీలో ఉన్న గవర్నర్ గారి భార్య తీర్పుకి ముందే తప్పుకుంది. బీ ఫారం మన దగ్గరే అనుకోకండి, ఇక్కడ దాన్ని బ్యాలెట్ డిజైన్ అంటారు అంతే

ఓరుగల్లు_పోరడు
గవర్నర్ భార్యనా? వారసత్వం ఈడ సుత ఉన్నదన్నట్టు

పులిహోర2.0
బుష్ తండ్రి, బుష్ కొడుకు, బుష్ తమ్ముడు, క్లింటన్ మొగుడు, క్లింటన్ పెళ్ళాం... నువ్వేం బెంగపడకు పోరడూ, మనమే నేర్పాం

చిన్ని_ఫ్రీమాంట్
మా ఇంటి కథ వినండి. మా ఆయన సిటిజన్ అయ్యాక ఓటరు ఫారం నింపుతూ నేను ఏ పార్టీ కాదు ఇండిపెండెంట్ అని గొప్పగా అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అన్న చోట టిక్ పెట్టాడు. అది నిజంగానే ఒక పార్టీ! 1968 ఎన్నికకి జార్జ్ వాలెస్ అని నల్లవాళ్ళకి వేరే బడులుండాలన్న పెద్దమనిషి కోసం పెట్టింది. 2020లో శాండర్స్‌కి వేద్దామని కవరు విప్పితే శాండర్స్ లేడు, బైడెన్ లేడు, మాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. కాలిఫోర్నియాలో ఏ పార్టీ వద్దంటే నో పార్టీ ప్రిఫరెన్స్ అని పెట్టాలి, అప్పుడు కూడా డెమోక్రాట్ బ్యాలెట్ కావాలని విడిగా అడగాలి, రిపబ్లికన్ది అడిగినా ఇవ్వరు. ఇప్పటికీ కూర మాడిపోయినా ఉప్పు ఎక్కువైనా ఆయన ఏమీ అనడు, అంటే వాలెస్ గారి పేరెత్తుతా.

హెచ్1బి_జీవి
మీరందరూ ఏ బ్యాలెట్ అని కొట్టుకుంటున్నారు, ఇక్కడ పద్నాలుగేళ్ళుగా గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డవాణ్ణి నేను 🙏 ఒక ముఖ్యమైన మాట మాత్రం చెప్తా. లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు అవుతారా అని అడుగుతారు, కంగారులో యస్ కొట్టకండి. సిటిజన్ కాకుండా ఓటేస్తే డిపోర్టేషన్ దాకా పోతుంది. చందా కూడా అంతే, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు గానీ వీసా మీద ఉన్నవాళ్ళు ఏ క్యాండిడేట్‌కీ ఒక్క డాలర్ ఇవ్వకూడదు. మా ఫ్రెండొకడు రామస్వామి మనవాడని చందా ఇవ్వబోతే ఆపాను. ఆ మనవాడు హెచ్1బి లాటరీ ఎత్తేస్తానని తిరిగాడు, అది వేరే సంగతి.

డల్లాస్_డుంబు
లాటరీ తీసేసి మెరిట్ పెడతానన్నాడు, సగమే చెప్పకు

హెచ్1బి_జీవి
సరే మెరిట్. నా మెరిట్ పద్నాలుగేళ్ళుగా క్యూలో ఉంది

అయోవా_మాజీ
మాస్టారు చిన్న రాష్ట్రాలు అన్నారు కాబట్టి చెప్తున్నా, 2008 జనవరి 3న నేను ఏమ్స్‌లో ఎమ్మెస్ చదువుతున్నా. సెలవులు, ఊరంతా ఖాళీ, బయట మోకాలి లోతు మంచు. మా ఇంటి ఓనరమ్మ రిటైరైన టీచర్, ఇవాళ కాకస్ (ప్రైమరీ బదులు పార్టీవాళ్ళు పెట్టుకునే మీటింగు), చూడ్డానికి రావచ్చు రా అని తన కారులో స్కూల్‌కి తీసుకెళ్ళింది. నేను మన బూతుల్లో లాగా క్యూ, వేలికి సిరా ఊహించుకుని వెళ్ళా. అక్కడ బ్యాలెట్ బాక్సే లేదు! డెమోక్రాట్లు కదా, ఒబామా వాళ్ళు ఈ మూల, హిల్లరీ వాళ్ళు ఆ మూల, ఎడ్వర్డ్స్ వాళ్ళు స్టేజి దగ్గర, అందరి ముందూ నిలబడి తలలు లెక్కపెట్టడమే. మా ఓనరమ్మ రిచర్డ్‌సన్ మూలలో నిలబడింది, పట్టుమని పదిమంది లేరు. 15 శాతం రాకపోతే ఆ గుంపు లెక్కలోకి రాదు, వేరే గుంపులోకి పోవాలి. అప్పుడు మొదలైంది చూడండి బేరం. మా వైపు రండి అని చేతులు పట్టుకుని లాగుతున్నారు, ఒకావిడ కుకీల డబ్బా మూత తీసి చూపిస్తోంది, పక్కింటాయన పోయిన చలికాలం నీ వాకిట్లో మంచు ఎవరు తీశారు అని గుర్తు చేస్తున్నాడు. చివరికి ఓనరమ్మ ఒబామా వైపు నడిచింది, కుకీ మాత్రం హిల్లరీ వాళ్ళది తీసుకుని. ఆ రాత్రి ఒబామాకి 38 శాతం దగ్గర వచ్చాయి, ఎడ్వర్డ్స్ రెండు, హిల్లరీ మూడు. బైడెన్ కూడా పోటీలో ఉన్నాడప్పుడు, ఒక్క శాతం కూడా రాక ఆ రాత్రే తప్పుకున్నాడు. ఆయనే 2020లో ప్రెసిడెంట్‌గా గెలిచాడు.

చిన్ని_ఫ్రీమాంట్
కుకీ పాయింట్ 😂😂 మన దగ్గర బిర్యానీ ప్యాకెట్

ఓరుగల్లు_పోరడు
అందరి ముంగట నిలవడుడా? మా ఊర్ల గట్ల పెడితె తెల్లారేసరికి సగం ఇండ్ల నడుమ గోడలు లేస్తయ్

లెక్కల_మాస్టారు
అందుకే రిపబ్లికన్లు అదే అయోవాలో చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. డెమోక్రాట్లకి 2020లో లెక్క పంపే యాప్ పనిచేయక రోజుల తరబడి ఫలితమే రాలేదు, ఈసారి ఏకంగా పోస్టులో ఓట్లు తెప్పించుకున్నారు.

నిద్రలేని_నాగు
ఆ యాప్ ఎవరు చేశారో గానీ టెస్టింగ్ టీంలో మనోడు ఉండి ఉంటే సైన్ ఆఫ్ ఇచ్చేవాడు కాదు

పులిహోర2.0
మనోడే ఇచ్చుంటాడు, శుక్రవారం సాయంత్రం

డల్లాస్_డుంబు
మాస్టారు డబ్బు డబ్బు అన్నారు, నేనొప్పుకోను. 2016లో జెబ్ బుష్ వెనక పది కోట్ల డాలర్ల పైన ఉన్నాయి, వచ్చింది నలుగురు డెలిగేట్లు. 2020లో బ్లూమ్‌బర్గ్ సొంత డబ్బు సుమారు వంద కోట్ల డాలర్లు తగలేసి గెలిచిన చోటు ఒక్క అమెరికన్ సమోవా. ఆ డబ్బుతో ఆ దీవులే కొనుక్కోవచ్చు. అదే ఏడు బైడెన్‌ది అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం, చేతిలో చిల్లర కూడా లేదు. సౌత్ కరోలినాలో క్లైబర్న్ అనే ఒక్క పెద్దాయన, అక్కడి కాంగ్రెస్ సభ్యుడు, మద్దతు ఇచ్చాడు, ఫిబ్రవరి 29న బైడెన్ గెలిచాడు, మూడు రోజుల్లో పోటీలో ఉన్న బూటెజెజ్, క్లోబుషార్ ఇద్దరూ తప్పుకుని ఆయన పక్కన నిలబడ్డారు. అది డబ్బా?

లెక్కల_మాస్టారు
డబ్బు ఉంటే గెలుస్తారని నేననలేదు డుంబు గారూ, లేకపోతే నిలబడలేరు అన్నా. రెండింటికీ తేడా ఉంది. ఇంకోటి, గెలుపోటములు రూల్స్‌ని బట్టి కూడా మారతాయి. డెమోక్రాట్లు ఎన్ని ఓట్లు వస్తే ఆ వంతున డెలిగేట్లు పంచుతారు. రిపబ్లికన్లు చాలా చోట్ల మొదటొచ్చినవాడికే మొత్తం. 2016లో పదిహేడు మంది బరిలో ఉన్నారు, చర్చలకి స్టేజి చాలక చిన్నవాళ్ళకి వేరే షో పెట్టారు, మన బాబీ జిందాల్ పాపం ఆ చిన్న షోలోనే. సౌత్ కరోలినాలో ట్రంప్‌కి వచ్చింది 32.5 శాతం, డెలిగేట్లు 50కి 50. మూడింట రెండొంతుల మంది వద్దన్నా మొత్తం ఆయనకే. మిగతావాళ్ళు ఒకరు తప్పుకుంటే ఇంకొకరు బాగుపడతామని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

గోదారోడు
మన దగ్గర ఓట్లు చీలడం అంటాం చూడండి, అదేనన్నమాట. మరి ఇక్కడ ఓడినవాళ్ళు రెబల్‌గా నిలబడరేంటండి?

లెక్కల_మాస్టారు
చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు, ప్రైమరీలో ఓడితే అదే ఎన్నికలో నవంబర్ బ్యాలెట్‌లోకి ఇండిపెండెంటుగానో ఇంకో పార్టీ పేరుతోనో రానివ్వరు. ఆ చట్టాలు పెద్దగా లేని రోజుల్లో 1912లో మాజీ ప్రెసిడెంట్ థియోడర్ రూజ్వెల్ట్ రిపబ్లికన్ ప్రైమరీలు ఎక్కువ గెలిచాడు, పార్టీ పెద్దలు అప్పటి ప్రెసిడెంట్ టాఫ్ట్‌కే టిక్కెట్టిచ్చారు. ఆయన కోపంతో కొత్త పార్టీ పెట్టాడు, ఇద్దరూ కొట్టుకుని డెమోక్రాట్ విల్సన్‌ని గెలిపించారు.

గోదారోడు
మా మామయ్యకి ఈ పేరు చెప్తానండి, కాస్త ఊరటగా ఉంటుంది

పర్త్_అంబోయ్_పాప
హేలీ సంగతి మర్చిపోయారు అందరూ. నెవాడాలో ప్రైమరీకి పేరిచ్చింది, ట్రంప్ ఇవ్వలేదు, ఆయన రెండ్రోజుల తర్వాత పార్టీ పెట్టిన కాకస్‌లో ఉన్నాడు, డెలిగేట్లు కాకస్‌కే. ఎదురు గట్టివాళ్ళెవరూ లేని చోట కూడా ఆవిడ ఓడిపోయింది, ఎవరి మీదా? వీళ్ళెవరూ కాదు అన్న గడి మీద! దానికి 63 శాతం, ఈవిడకి 30.

ఓరుగల్లు_పోరడు
నోటా గెలిచిందా?! మస్తుగున్నది

పులిహోర2.0
నోటా గారు ప్రమాణస్వీకారం ఎప్పుడో

ఎడిసన్_బాబాయ్
సరే, చర్చ బాగుంది గానీ నాకింకా గిల్టీగానే ఉంది. ఎవరికి వేశానో చెప్పను. పడుకుంటా ఇక

ఓరుగల్లు_పోరడు
జులై 23. థ్రెడ్ మీదికి లేపుతున్న. బాబాయ్ ఏడున్నవే? బైడెన్ ఎల్లిపోయె గద

పులిహోర2.0
పోటీ నుంచి తప్పుకుంటున్నానని ఆదివారం మధ్యాహ్నం ఉత్తరం పెట్టేశాడు. నేనైతే రిజైన్ చెయ్యడానికి మేనేజర్‌తో మూడు మీటింగులు పెట్టుకున్నా

డల్లాస్_డుంబు
జూన్ 27 డిబేట్ చూసినప్పుడే అనుకున్నా. ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ప్రైమరీల్లో 3,900 దాకా డెలిగేట్లు గెలిచినాయన దిగిపోయాడు, కమల ఎక్కింది. 2020 పోటీలో ఆవిడ ఒక్క ఓటు కూడా పడకముందే, 2019 డిసెంబర్‌లోనే తప్పుకుంది. ఈసారి బరిలోనే లేదు. ఇది సీల్డ్ కవర్ కాకపోతే ఏంటి?

లెక్కల_మాస్టారు
ఒప్పుకోను. బైడెన్‌కి ఓటేసినవాళ్ళకి పక్కన ఎవరుందో తెలుసు, ఉపాధ్యక్షురాలు ఉండేదే పైవాడు లేనప్పుడు కూర్చోడానికి. ఎవరైనా పోటీకి రావచ్చు, రాలేదు. నిన్న రాత్రికే సరిపడా డెలిగేట్లు ఆవిడ వైపు వచ్చేశారని ఏపీ సర్వే చెప్పింది.

నిద్రలేని_నాగు
మన ఏపీ సర్వేనా, ఐవీఆర్ఎస్ కాల్స్ చేశారా

లెక్కల_మాస్టారు
అసోసియేటెడ్ ప్రెస్ నాయనా

అయోవా_మాజీ
డుంబు చెప్పిందాంట్లో కొంత ఉంది మాస్టారూ. 1968లో ఇలాగే ప్రెసిడెంట్ జాన్సన్ మార్చ్ చివర్న తప్పుకున్నాడు, ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ దిగకుండా టిక్కెట్టు తెచ్చుకున్నాడు, షికాగో కన్వెన్షన్ బయట పోలీసులు కుర్రాళ్ళని చితక్కొట్టారు. ఆ గొడవ వల్లే కమిషన్ వేసి 1972 నుంచి ప్రైమరీలకి ఇంత విలువ తెచ్చారు, అంతకుముందు పెద్దలు గదిలో కూర్చుని తేల్చేవాళ్ళే. వచ్చే నెల కన్వెన్షన్ కూడా షికాగోలోనే. తేడా ఏంటంటే అప్పుడు పార్టీ రెండుగా చీలి ఉంది, ఇప్పుడు ఎవరూ కిమ్మనట్లేదు. జనం సంతోషంగా ఉన్నారని రూల్ సరైందనుకోవడం నాకు కాస్త తేడాగా ఉంది, నేను ఆవిడకే ఓటేస్తా అయినా సరే.

చిన్ని_ఫ్రీమాంట్
నాకైతే కమల వాళ్ళమ్మ ఇండియా నుంచి ఒక్కతే వచ్చి బర్క్‌లీలో చదివిందంటే మా పిన్నిలా అనిపిస్తుంది, లాజిక్ అడక్కండి. అటు చూస్తే ట్రంప్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ గారి భార్య ఉష, తణుకు దగ్గర వడ్లూరు మూలాలంట. ఎటు గెలిచినా ఇంట్లో సాంబారో పప్పుచారో

గోదారోడు
వడ్లూరు మా అత్తారి ఊరికి దగ్గరేనండి! వారం నుంచి అక్కడ టీవీ వ్యాన్లు తిరుగుతున్నాయంట, మా బావమరిది మూడు ఛానళ్ళకి బైట్ ఇచ్చాడు, వాడికి ఆవిడెవరో తెలీదు

మోడరేటర్
వడ్లూరుకి వేరే థ్రెడ్ పెట్టా.

ఎడిసన్_బాబాయ్
వచ్చా వచ్చా. చెప్పనన్నా గానీ ఇప్పుడు దాచి లాభమేంటి, నేను ఆ రోజు బైడెన్‌కే వేశా. బొట్టు పెట్టించుకుని వెళ్ళి వేసిన మొదటి ఓటు, ఆయన ఉత్తరం రాసి పోయాడు. ఇంతకీ నా ఓటు ఇప్పుడు ఎవరి దగ్గరున్నట్టు?

లెక్కల_మాస్టారు
మీ ఓటుతో గెలిచిన డెలిగేట్ దగ్గర. ఓటేసినవాళ్ళ అభిప్రాయాన్ని మనస్సాక్షితో చూపించాలని మాత్రమే పార్టీ రూల్లో ఉంది, ఇప్పుడు ఆ మనిషి ఎవరికైనా చెయ్యెత్తొచ్చు.

ఎడిసన్_బాబాయ్
ఆ మనిషెవరో కనుక్కునే మార్గం ఉందా? ఫోన్ చేసి మాట్లాడతా

పులిహోర2.0
బాబాయ్ ట్యాంకెక్కేలా ఉన్నాడు, ఎవరైనా టిఫిన్ పట్టుకెళ్ళండి

హెచ్1బి_జీవి
నవంబర్ 5న సెలవు పెట్టేశా. ఎడిసన్, ఇసెలిన్ వైపు పెద్దవాళ్ళు ఎవరికైనా బూతుకి రైడ్ కావాలంటే మెసేజ్ పెట్టండి. ఏ పార్టీ అయినా పర్లేదు, నాకు ఓటు లేదు గానీ కారుంది